ఎముకలు నేలలో ఉండగానే కబురు పెట్టండి: దర్యాప్తు అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన దర్యాప్తు అధికారులకు,

నమస్కారం. పొదల మధ్యనో, పాడుబడిన బావిలోనో, పునాది తవ్వుతున్న చోటనో మనిషి ఎముకలు కనబడ్డాయన్న కబురు అందగానే అందరికంటే ముందు అక్కడికి చేరేది మీరు. ఆ ఎముకలు తిరిగి తిరిగి చివరికి చేరేది ఫోరెన్సిక్ మానవశాస్త్రాన్ని, అంటే దర్యాప్తుల కోసం మనిషి ఎముకలను చదివే శాస్త్రాన్ని, వృత్తిగా చేసుకున్న నాబోటివాళ్ల బల్ల మీదికి. ఈ రెండింటికీ నడుమ ఏం జరుగుతున్నదన్నదే ఈ ఉత్తరంలోని విషయం. దీన్ని ఫిర్యాదుగా కంటే విన్నపంగా చదవమని కోరుతున్నాను. ఫిర్యాదు కూడా కొంత ఉంది, దాన్ని దాచను.

కొంతకాలం కిందట మా ప్రయోగశాలకు ఒక అట్టపెట్టె వచ్చింది. తెరిస్తే లోపల ముడివేసిన ప్లాస్టిక్ సంచి, సంచి లోపలివైపు చెమ్మ, చెమ్మ పట్టిన చోటల్లా తెల్లని బూజు. పుర్రె, కింది దవడ, తొడ ఎముకలు రెండూ, చేతుల పొడవాటి ఎముకలు, కొన్ని వెన్నుపూసలు, విరిగిన పక్కటెముకలు, కటి (తుంటి) ఎముకల్లో ఎడమవైపుది ఒక్కటే, అదీ ముందుభాగం పోయి, అన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. మట్టి పీల్చుకుని ఎముకలన్నీ ముదురు గోధుమరంగుకు తిరిగాయి గానీ, ఆ కటి ఎముక విరిగిన అంచు మాత్రం అప్పుడే చీల్చిన కట్టెలా లేతరంగులో ఉంది. అంటే అది ఆ మనిషి బతికుండగా విరిగిందీ కాదు, చనిపోయేటప్పుడు విరిగిందీ కాదు. అన్నాళ్లూ మట్టిలో క్షేమంగా ఉండి, పైకి తీసిన రోజున పార దెబ్బకు విరిగింది. విరిగిన ముక్క సంచిలో లేదు. ముందరి పళ్లలో ఒక్కటే మిగిలింది. మిగతా పళ్ల గుంటలు పూడుకుపోకుండా పదునైన అంచులతో ఉన్నాయి గనుక ఆ పళ్లు చనిపోయిన తర్వాత రాలినవే, అంటే అక్కడి మట్టిలోనే ఉండి తీరాల్సినవి. పెద్దవాళ్ల శరీరంలోని 206 ఎముకల్లో 106 చేతుల్లోనూ పాదాల్లోనూ ఉంటాయి. ఆ 106లో మాకు అందినవి తొమ్మిది.

పెట్టెతోపాటు ఒక పేజీ లేఖ, అందులో నాలుగు ప్రశ్నలు ఉన్నాయి: ఆడా మగా, వయసెంత, చనిపోయి ఎన్నాళ్లయింది, ఎలా చనిపోయారు. ఎముకలు ఎంత లోతులో ఉన్నాయో, ఏ భంగిమలో పడి ఉన్నాయో, తల ఏ దిక్కుకు ఉందో చెప్పే ఒక్క ఫొటో గానీ, చేత్తో గీసిన పటం గానీ జతచేయలేదు. ఆ లేఖ రాసిన అధికారిని నేను తప్పుపట్టను. ఆయన మీద ఎంత పని ఉంటుందో నాకు తెలుసు. పైగా, ఎముకలు తెచ్చి ఇస్తే చాలు, మిగతాదంతా ప్రయోగశాలలో తేలిపోతుందన్న నమ్మకం ఆయన ఒక్కరిదీ కాదు. టీవీ సీరియళ్లలో మా వృత్తిని చూసినవాళ్లందరిదీ అదే నమ్మకం.

ఆ నాలుగు ప్రశ్నల్లో మొదటి రెండింటికి జవాబు ఎముకల్లో ఉంటుంది. చివరి రెండింటికి జవాబు చాలావరకు మట్టిలో ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే: ఎముకలు మా బల్ల మీదికి వచ్చాక కాదు, అవి నేలలో ఉండగానే మాకు కబురు పెట్టండి.

మనిషిని పూడ్చడానికి గొయ్యి తవ్వినవాడు నేల పొరలను కలిపేస్తాడు. పైపొర మట్టి రంగు వేరు, అడుగుపొర రంగు వేరు. తీసిన మట్టిని ఎంత జాగ్రత్తగా తిరిగి నింపినా ఆ పొరలను ఎప్పటిలా పేర్చడం ఎవరివల్లా కాదు. అందుకే ఏళ్లు గడిచినా గొయ్యి అంచు రంగు తేడాగా కనబడుతుంది. ఆ అంచు దాటకుండా లోపలి మట్టిని చిన్న తాపీతో, ఆ తర్వాత కుంచెతో తీసుకుంటూ పోతే గొయ్యి గోడల మీద పార దిగిన గుర్తులు, పార వెడల్పుతో సహా, దొరకవచ్చు. అడుగున బంకమట్టి ఉంటే పాదముద్ర కూడా నిలిచి ఉండవచ్చు. రెండు చేతుల వేలి ఎముకలూ వెన్నెముక వెనకాల ఒకేచోట ఉంటే చేతులు వెనక్కి కట్టి ఉన్నాయేమోనని అనుమానించి, ఆ చుట్టుపక్కల మట్టిలో తాడు పోగుల కోసం వెతుకుతాం. పక్కటెముకల కింద మట్టిలో చిన్న సీసపు ముక్క దొరికితే, అది ఏ ఎముక పక్కన ఉందన్నదాన్ని బట్టి ఒంట్లో దిగిన తూటాయో, ఎప్పటినుంచో నేలలో పడి ఉన్నదో ఆలోచించగలుగుతాం. పక్కటెముకల సందుల్లోంచి పెరిగిన చెట్టువేరును అడ్డంగా కోసి వలయాలు లెక్కిస్తే, ఆ శరీరం అక్కడికి వచ్చి కనీసం ఎన్నేళ్లయిందో తెలుస్తుంది. పారతో తవ్వేవాళ్లు మొదట నరికి అవతల పారేసేది ఆ వేరునే.

ఈ పాఠం ప్రపంచానికి చాలా ఖరీదుగా తెలిసివచ్చింది. 1976 నుంచి 1983 వరకు అర్జెంటీనాను ఏలిన సైనిక ప్రభుత్వం వేలమందిని ఎత్తుకెళ్లి మాయం చేసింది. ప్రజాప్రభుత్వం వచ్చాక, 1984 తొలినాళ్లలో, శ్మశానాల్లో పేరు లేని సమాధులను న్యాయమూర్తుల ఆదేశాలతో తవ్వడం మొదలుపెట్టారు. ఉద్దేశం మంచిదే. తవ్వింది మాత్రం బుల్‌డోజర్లతో, శ్మశాన కూలీల పారలతో. ఎముకలు విరిగాయి, ఒకరివి ఒకరివాటిలో కలిసిపోయాయి, కొన్ని సమాధుల్లోనే ఉండిపోయాయి. ఆ ఏడాది అమెరికా నుంచి వెళ్లిన మానవశాస్త్రవేత్త క్లైడ్ స్నో అలాంటి తవ్వకాలు ఆపాలని కోరి, పురావస్తు తవ్వకాల పద్ధతిలో పొర తర్వాత పొర తీసే పనిని అక్కడివాళ్లకు నేర్పారు. నేర్చుకున్నవాళ్లేమీ తలపండిన నిపుణులు కారు. మానవశాస్త్రం, పురావస్తుశాస్త్రం, వైద్యం చదువుకుంటున్న కుర్రవాళ్లు. వాళ్ల జట్టే అర్జెంటీనా ఫోరెన్సిక్ మానవశాస్త్ర బృందంగా ఎదిగి, ఆ తర్వాత ఎన్నో దేశాల్లో పనిచేసింది. 1985లో సైనిక పాలకుల మీద జరిగిన విచారణలో స్నో సాక్ష్యం చెప్పారు. బుల్‌డోజర్ అన్న మాట దగ్గర, మేమెప్పుడూ అంతపని చేయలేదని మీరు అనుకోవచ్చు. మా పెట్టెలోని కటి ఎముక మాత్రం పారకూ బుల్‌డోజర్‌కూ తేడా ఎరగదు.

బోస్నియాలోని స్రెబ్రెనిత్సా కథ మరోరకం. 1995 జులైలో అక్కడ 8,000 మందికి పైగా పురుషులను, బాలురను చంపి సామూహిక సమాధుల్లో పూడ్చారు. కొన్ని నెలలకే, నేరం బయటపడకుండా ఉండేందుకు, యంత్రాలతో ఆ సమాధులను పెళ్లగించి శవాలను దూరంగా వేరే గోతుల్లోకి తరలించారు. ఒకే మనిషి ఎముకలు కిలోమీటర్ల దూరంలో ఉన్న వేర్వేరు గోతుల్లో దొరికిన సందర్భాలున్నాయి. ఏ ఎముక ఎవరిదో చెప్పి వాటిని మళ్లీ ఒకచోటికి చేర్చింది డీఎన్ఏ. అయితే ఏ గోతిలోని శవాలు మొదట ఏ సమాధిలో ఉండేవో నిరూపించడానికి అక్కరకొచ్చినవి మట్టి రకం, పుప్పొడి, తూటాల తొడుగులు, ఒకచోటనైతే సీసాల కర్మాగారం పారేసిన గాజుపెంకులు. శవాలతోపాటు ప్రయాణం చేసిన ఆ పెంకును చెత్తగా ఏరి పారేసి ఉంటే, మొదటి సమాధికీ రెండో గోతికీ ఉన్న లంకె అక్కడే తెగిపోయేది.

ఎముకల చుట్టూ ఉన్నది ఎముకలంత సాక్ష్యమేనని చెప్పడానికి ఇంకా పాత కేసు ఒకటుంది. 1935లో స్కాట్లండ్‌లోని మోఫాట్ దగ్గర ఒక వాగులోయలో ఇద్దరు స్త్రీల శరీరాలు 70 దాకా ముక్కలుగా, మూటల్లో దొరికాయి. చంపినవాడు బక్ రక్స్‌టన్ అనే వైద్యుడు. ఏ గుర్తులతో మనిషిని పోలుస్తారో తెలిసినవాడు గనుక ముఖాలను చెక్కేశాడు, కొన్ని వేళ్ల కొనలు కోసేశాడు. శరీర నిర్మాణ నిపుణులు ఆ ముక్కలను ఏది ఎవరిదో విడదీసి రెండు అస్థిపంజరాలుగా పేర్చారు. రక్స్‌టన్ భార్య ఫొటో మీద పుర్రె ఫొటోను అదే కోణంలో, అదే పరిమాణంలో పరచి పోల్చి చూశారు. ఆ రోజులకు అది కొత్త పద్ధతి. కానీ దర్యాప్తును లాంకస్టర్ పట్టణానికి దారి పట్టించింది మూటలు చుట్టిన వార్తాపత్రిక కాగితం. అది ఆ ప్రాంతానికి మాత్రమే అచ్చువేసిన ప్రత్యేక సంచిక. తడిసిన కాగితమే కదా అని దాన్ని విప్పి పడేయకుండా భద్రపరిచిన చేతులు పోలీసులవే. రక్స్‌టన్‌ను 1936లో ఉరితీశారు.

కబురు ముందే పెడితే మేం వచ్చి చేసేదేమిటని మీరు అడగవచ్చు. చూడటానికి అది చాలా విసుగుపుట్టించే పని. మొదట తేల్చేది అవి మనిషివేనా అన్నది. మాకు చూపించేవాటిలో జంతువులవి ఎప్పుడూ ఉంటాయి; చర్మం, గోళ్లు పోయిన ఎలుగుబంటి పాదం మనిషి చేతిని ఎంతగా పోలి ఉంటుందంటే, వైద్యులు కూడా పొరబడిన సందర్భాలున్నాయి. ఆ ఒక్కమాట అక్కడికక్కడే తేలితే మీ వారం రోజుల శ్రమ మిగులుతుంది. మనిషివే అయితే ఆ ప్రదేశాన్ని దారాలతో గళ్లుగా విభజిస్తాం, వరసగా నడుస్తూ కనబడిన ప్రతి ఎముక పక్కనా చిన్న జెండా పాతుతాం, జెండాలన్నీ పాతేదాకా ఒక్క ఎముకనూ కదపం. కుక్కలూ నక్కలూ పొడవాటి ఎముకలను లాక్కుపోయి కొసలు నమిలేస్తాయి. ఆ జెండాల వరసను బట్టి శరీరం మొదట ఎక్కడ ఉండేదో, పుర్రె వాలు వెంబడి ఎటు దొర్లిపోయిందో కనబడుతుంది. తీసిన మట్టినంతా జల్లెడ పడతాం. పళ్లు, మణికట్టు ఎముకలు, మోకాలి చిప్ప, పసిపిల్లల కేసులోనైతే కందిగింజంత ఎముక కొసలు దొరికేది ఆ జల్లెడలోనే. ఒకరోజు పడుతుంది, రెండు రోజులు పట్టవచ్చు. మీ జీపు అక్కడ నిలబడే ఆ రెండు రోజులకు, దర్యాప్తు ఆగిపోయి నిలబడే రెండేళ్లకు పోలిక లేదు.

ఇక ఎముకలు చెప్పేదాని గురించి. ఇక్కడ నా వృత్తి గొప్పలకంటే దాని హద్దులనే ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మీకూ మాకూ పేచీ వచ్చేది ఆ హద్దుల దగ్గరే. ఆడా మగా అన్నది కటి ఎముకలు పూర్తిగా ఉంటే చాలా నమ్మకంగా చెప్పగలం, పుర్రె ఒక్కటే ఉంటే ఆ నమ్మకం తగ్గుతుంది, యుక్తవయసుకు రాని పిల్లల ఎముకలను చూసి చెప్పకపోవడమే మంచిది. వయసు సంగతికొస్తే, పెరుగుతున్నంతకాలం ఎముకలూ పళ్లూ ఒక క్రమంలో ఏర్పడతాయి గనుక పిల్లల వయసును ఏడాది రెండేళ్ల తేడాతో చెప్పవచ్చు. కాలర్ ఎముక ఛాతీవైపు కొస అన్నిటికంటే ఆలస్యంగా, 30 ఏళ్లకు కాస్త ముందుగానో ఆ ప్రాంతంలోనో, అతుక్కుంటుంది. అక్కడితో పెరుగుదల అయిపోయింది. ఆ తర్వాత మేం చదివేది అరుగుదలను, అరుగుదల మనిషి మనిషికీ ఒకేలా ఉండదు. రెండు కటి ఎముకలూ ముందువైపు కలిసే చోట ఉండే ఉపరితలం వయసుతోపాటు గట్లూ చాళ్లూ పోయి, అంచు కట్టి, ఆ పైన గుల్లబారుతుంది; 1920లో టాడ్ అనే శాస్త్రవేత్త ఆ మార్పును పది దశలుగా వివరించారు, ఆ తర్వాతివాళ్లు వేల ఎముకలతో పోల్చి దాన్ని సరిదిద్దారు. మా పెట్టెలో విరిగిపోయి, సంచిలోకి రాకుండా పోయిన ముక్క సరిగ్గా అదే. అది ఉంటే ఆ మనిషి వయసును కొంత ఇరుకైన పరిధిలో చెప్పి ఉండేదాన్ని. అది లేదు గనుక 30 నుంచి 55 అని రాయాల్సి వచ్చింది.

ఆ పరిధి చూసి ఫోన్ వచ్చింది. మాట మర్యాదగానే ఉంది: "ఇరవై అయిదేళ్ల తేడాతో మేమేం చేసుకోవాలండీ? ఒక్క అంకె చెప్పండి, దాదాపుగానైనా సరే." ఆయన దగ్గర తప్పిపోయిన స్త్రీ ఒకరి ఫైలు ఉంది, ఆమె వయసు 34. నేను 35 అని రాసి ఉంటే ఆయన సంతోషించేవారు. కానీ తప్పిపోయినవాళ్ల జాబితాలో ఆ అంకెకు అటూ ఇటూ రెండేళ్లు వేసి వెతికితే 48 ఏళ్ల మనిషి ఆ తెర మీదికే రారు, ఆమె కోసం ఎదురుచూసేవాళ్ల తలుపు ఎవరూ తట్టరు. నేను ఇచ్చిన వెడల్పాటి పరిధి పనికిరాని జవాబులా కనబడవచ్చు గానీ, అది 30 ఏళ్ల లోపువాళ్లందరినీ నిజాయితీగా పక్కన పెట్టింది. అంతకంటే ఎక్కువ ఆ ఎముకల్లో లేదు. లేనిదాన్ని రాస్తే కోర్టులో ఎదుటి న్యాయవాది మొదటి ప్రశ్నకే నా నివేదిక మొత్తం కూలిపోతుంది, దానితోపాటు మీ కేసూ కూలుతుంది.

మా అంచనాలు తప్పవని అనుకోకండి, తప్పుతాయి. 1977లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, ఎవరో కెలికిన ఒక పాత సమాధిలో తలలేని శరీరం కనబడింది. మాంసం ఇంకా గులాబీ రంగులో ఉండటం చూసి, ఆ రంగంలో పేరెన్నికగన్న విలియం బాస్, ఆ మనిషి చనిపోయి ఏడాది కూడా కాలేదని అంచనా కట్టారు. తీరా ఆ శరీరం 1864లో అంతర్యుద్ధంలో చనిపోయిన కర్నల్ విలియం షైది. రసాయనాలు పట్టించిన శవాన్ని ఇనుప పేటికలో బిగించి పూడ్చడంతో అది కుళ్లలేదు. 113 ఏళ్ల పొరపాటు. పేటికనూ బట్టలనూ కలిపి చూశాకే సంగతి బోధపడింది. బాస్ ఆ పొరపాటును దాచుకోకుండా జీవితాంతం చెప్పుకున్నారు; శవం ఎలా కుళ్లుతుందో తమకు ఎంత తక్కువ తెలుసో గ్రహించి, దానంగా వచ్చిన శరీరాలను ఆరుబయట ఉంచి రోజురోజు మార్పులను నమోదుచేసే పరిశోధనా స్థలాన్ని 1981లో టెనెసీ విశ్వవిద్యాలయంలో ఏర్పాటు చేశారు. ఎత్తు లెక్కల్లోనూ ఇలాంటిదే జరిగింది. రెండో ప్రపంచయుద్ధంలోనూ కొరియా యుద్ధంలోనూ చనిపోయిన సైనికుల ఎముకలను కొలిచి మిల్డ్రెడ్ ట్రాటర్ తయారుచేసిన సూత్రాలను మా వృత్తిలోవాళ్లందరూ వాడారు. మోకాలి కింది ఎముకను కొలిచేటప్పుడు ఆమె చీలమండ దగ్గరి కొసను లెక్కలోకి తీసుకోలేదని 1990లలో గానీ బయటపడలేదు. ఎముకను మొత్తంగా కొలిచి ఆ సూత్రంలో వేసినవాళ్లకు ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చేది. అందుకే ఈ రోజు మేం అంకెతోపాటు హెచ్చుతగ్గులను కూడా రాస్తాం, ఏ పద్ధతి వాడామో రాస్తాం. ఆ వాక్యాలను అనవసరమని కొట్టేసి సారాంశం మాత్రమే ఫైల్లో పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దయచేసి దాన్ని మానండి.

చనిపోయి ఎన్నాళ్లయిందన్న మూడో ప్రశ్న అన్నిటికంటే కష్టమైనది. ఎండ, నీడ, లోతు, తేమ, బట్టలు, పురుగులు, ఇవన్నీ కలిసి తేల్చే సంగతి అది. వాటిలో ఏదీ సంచిలో రాదు. ప్రయోగశాలలో చేయగలిగింది ఒకటుంది. 1950లు, 60లలో బహిరంగంగా జరిపిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ దాదాపు రెట్టింపై, 1963 ప్రాంతంలో శిఖరానికి చేరి అక్కడినుంచి తగ్గుతూ వచ్చింది. పంటి ఎనామిల్ ఏర్పడిన కాలంలో గాలిలో ఎంత ఉంటే అంత అందులో చేరుతుంది గనుక, ఆ మనిషి ఏ కాలంలో పుట్టారో, ఎముకలు పాతకాలపు శ్మశానానివో కావో తేల్చవచ్చు. దానికైనా ముందు పళ్లు కావాలి.

ఎలా చనిపోయారన్నది నిజానికి నేను చెప్పేది కాదు. మరణ కారణం ధ్రువీకరించేది వైద్యులు. నేను చెప్పేది ఎముక మీది గాయం గురించి. గాయం అంచులు గుండ్రబడి కొత్త ఎముక కట్టి ఉంటే ఆ దెబ్బ తగిలాక మనిషి కనీసం కొన్నాళ్లు, వారాలు బతికున్నారు. పచ్చి ఎముక పచ్చికొమ్మలా వంగి చీలుతుంది, ఎండిన ఎముక సుద్దలా పుటుక్కున విరుగుతుంది. ఆ తేడాతోనూ అంచుల రంగుతోనూ చావు దెబ్బనూ పార దెబ్బనూ విడదీస్తాం. తూటా పుర్రెలోకి దూరినచోట రంధ్రం లోపలివైపు వెడల్పవుతుంది, బయటికి వచ్చినచోట బయటివైపు వెడల్పవుతుంది. రెండు దెబ్బల పగుళ్లు కలిసినచోట, రెండో దెబ్బ పగులు మొదటిదాన్ని దాటలేక ఆగిపోతుంది. దాన్ని బట్టి ఏది ముందు తగిలిందో చెప్పగలం. కాలిన ఎముకలైతే ఇంకా సున్నితం: మొదట నల్లబడి, తర్వాత బూడిదరంగుకు తిరిగి, బాగా వేడెక్కితే తెల్లబడి, ముట్టుకుంటే పొడిపొడి అవుతాయి. మంట వల్ల పగిలిన పుర్రెను చూసి కొట్టి చంపారనుకోవడానికి ఎంత అవకాశముందో, కొట్టిన దెబ్బను మంట ఖాతాలో వేయడానికీ అంతే అవకాశముంది. ఆ ముక్కలు పడి ఉన్న తీరు కదలకముందే చూస్తే తప్ప ఆ తేడా పట్టుకోవడం చాలా కష్టం. కాలిన ఎముకలను గంపకెత్తి, నీళ్లతో కడిగి పంపినవాళ్లు ఉన్నారు. కడగకండి.

డీఎన్ఏ వచ్చాక మీ పనితో మాకేం పని అని అడిగేవాళ్లున్నారు. ఎవరిదన్న ప్రశ్నకు డీఎన్ఏ జవాబు మా జవాబుకంటే ఎన్నోరెట్లు గట్టిది, అందులో సందేహం లేదు. కానీ పోల్చడానికి రక్తసంబంధీకుల నమూనా కావాలి, ఆ రక్తసంబంధీకులు ఎవరో తెలియాలంటే వందల పేర్ల జాబితాను ముందు ఎవరో ఒకరు కుదించాలి. ఆ కుదింపు చేసేది ఆడా మగా, వయసు, ఎత్తు, ఎప్పుడో విరిగి అతికిన ముంజేయి, తుంటిలో వేసిన లోహపు కీలు మీది నంబరు. పుర్రెను బట్టి ముఖం మలచడం కూడా అలాంటిదే. అది ఎవరికైనా తెలిసినవాళ్లను గుర్తుచేయడానికి పనికొస్తుంది గానీ, గుర్తింపుకు రుజువు కాదు. పైగా డీఎన్ఏ పేరు చెబుతుందే తప్ప, ఆ పేరుగల మనిషిని ఎవరైనా గొంతు నులిమారా అన్నది చెప్పదు. అన్నట్టు, చెమ్మతో మూసేసిన ప్లాస్టిక్ సంచి ఎముకలోని డీఎన్ఏకు కూడా చేటే. కాగితపు సంచులు వాడండి, ఒక్కో చేతి ఎముకలను, ఒక్కో పాదం ఎముకలను విడివిడిగా పెట్టి పైన రాయండి.

మీ పైఅధికారులకు నా విన్నపం వేరు. ఎముకలు దొరికిన ప్రతిచోటికీ మానవశాస్త్రవేత్తను పంపడానికి మాలో అంతమంది లేరు, ఆ సంగతి ఒప్పుకుంటాను. అయితే ఎముకను కదపకముందు కొలబద్ద పక్కన పెట్టి ఫొటోలు తీసి ఒక నిపుణుడికి పంపి, ఆయన చెప్పేదాకా ఆగాలన్న నియమం పెట్టడానికి మనుషులు అక్కర్లేదు, ఒక ఆదేశం చాలు. శిక్షణలో ఒకరోజు మాకివ్వండి. ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని పూడ్చి మీ సిబ్బంది చేతనే తవ్విస్తాం. ఆ రోజు చివర్లో మట్టికుప్పను జల్లెడ పట్టి, వాళ్లు వదిలేసిన వేలి ఎముకలను వాళ్ల ముందే బల్ల మీద పేరుస్తాం. ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా ఆ పని చేసినంత మేలు చేయవు.

ఆ అట్టపెట్టె సంగతి పూర్తిచేస్తాను. పెట్టె వచ్చిన మూడు వారాలకు అనుమతి తీసుకుని నేను ఆ చోటికి వెళ్లాను. గొయ్యి అంచులు కూలిపోయాయి, నడుమ వానలు పడ్డాయి. పక్కన తవ్విపోసిన మట్టికుప్పను ఇద్దరం కలిసి రెండురోజులు జల్లెడ పట్టాం. అయిదు పళ్లు దొరికాయి, పాదాల ఎముకలు పదకొండు, వాటితోపాటు హయాయిడ్ అనే గొంతు ఎముక కొమ్ము ఒకటి. లాడం ఆకారంలో ఉండే ఆ ఎముక మరే ఎముకకూ అతికి ఉండదు. గొంతు నులిమిన కేసుల్లో ఒక్కోసారి విరిగి ఉంటుంది గనుక మీరందరూ దాని గురించి అడుగుతారు. కానీ చాలామందిలో ఆ కొమ్ములు నడిమి భాగానికి అసలు అతుక్కోకుండానే ఉండిపోతాయి, అలాంటిది విడిగా దొరికితే విరిగిందని పొరబడటం తేలిక. మాకు దొరికిన కొమ్ము కొస కొట్టుకుపోయి ఉంది. అది అతకని కొసో, ఎవరి చేతుల్లోనో విరిగిన కొసో, పార తగిలి ఊడిన కొసో తేల్చాలంటే నడిమి భాగం కావాలి. అది దొరకలేదు. నాలుగో ప్రశ్నకు ఎదురుగా నేను రాసిన జవాబు: "అందిన అవశేషాలను బట్టి నిర్ధారించడం సాధ్యం కాదు."

తవ్విపోసిన మట్టి ఇంకా అలాగే పడి ఉన్న పాత కేసులు మీ దగ్గర ఉంటే, దయచేసి ఆ స్థలాల జాబితా పంపండి. ఆలస్యమైనా సరే వస్తాం. జల్లెడలు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక ఫోరెన్సిక్ మానవశాస్త్రవేత్త